కాటు గుర్తు లేదు, రెప్పలు వాలిపోయాయి: ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు సీరం) పీహెచ్‌సీలోనే మొదలుపెట్టాలా, పెద్దాసుపత్రికి పంపాలా?

లంక_డ్యూటీ · రాత్రి 9.05

సార్వా కోతలు దగ్గరపడుతున్నాయి. ఈ ప్రశ్న ఇప్పుడే తేల్చుకుంటే మంచిదని ఇక్కడ పెడుతున్నాను. ఇలాంటి కేసు ఒకటి అనుకోండి. ముప్పై నాలుగేళ్ల కూలీ మనిషి, నేల మీద చాప వేసుకుని పడుకుంది. రాత్రి రెండింటికి కడుపునొప్పితో లేచింది. రెండు వాంతులయ్యాయి, గొంతు పట్టేసినట్టుందంటోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్‌కి ఇంజెక్షన్ చేశాడు. తెల్లవారి ఆరింటికి రెప్పలు వాలిపోతే పడవ దాటించి పీహెచ్‌సీకి తెచ్చారు. ఒళ్లంతా వెతికినా కాటు లేదు, వాపు లేదు. పామును చూసినవాళ్లు లేరు. నాడి 112, బీపీ 150/100, రక్తంలో ఆక్సిజన్ (శాచురేషన్) 98. గాజు గొట్టంలో పోసిన రక్తం ఇరవై నిమిషాలకి గడ్డకట్టింది.

పీహెచ్‌సీలో పది వయల్స్ ఏఎస్‌వీ ఉంది, ఆంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) ఉంది, ఒక సిస్టర్ ఉంది. వెంటిలేటర్ లేదు. కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) చేరాలంటే గంటన్నర.

నా వాదన ఇదీ. ఇది కట్లపాము కాటే. కాటు కనబడేదాకా ఆగకూడదు. పది వయల్స్ అరగంటలో ఎక్కించి, ఆ తర్వాత పంపాలి. కాదనేవాళ్లు కారణంతో చెప్పండి.

కాకినాడ_మత్తు · రాత్రి 9.31

కట్లపాము అన్న నిర్ణయంతో నాకు పేచీ లేదండి. "ఎక్కించి, ఆ తర్వాత పంపాలి" అన్న దగ్గరే పేచీ. అరగంట అన్నది కాగితం మీద లెక్క. పది వయల్స్ పొడి కరిగించడానికి ఒక్క సిస్టర్‌కి ఇరవై నిమిషాలు, డ్రిప్ పెట్టడానికి నరం (లైన్) దొరకడానికి ఐదు, మధ్యలో దద్దుర్లో వణుకో వస్తే డ్రిప్ ఆపి మళ్లీ మొదలుపెట్టడానికి ఇంకో పావుగంట. చూస్తుండగానే గంట దాటిపోతుంది. ఆరింటికి రెప్పలు మాత్రమే వాలిన మనిషి ఏడున్నరకి ఉమ్ము మింగలేకపోవచ్చు, ఎనిమిదింటికి తల ఎత్తలేకపోవచ్చు. అప్పుడు బండి ఎక్కిస్తే దారిలోనే ఊపిరి ఆగుతుంది.

కట్లపాము కరిచిన మనిషి పోయేది ఊపిరి కండరాలు పడిపోయాక గాలి కొట్టేవాళ్లు లేకనే. వెంటిలేటర్ మీద నాలుగు రోజులో వారమో నిలబెట్టగలిగితే నరాల కొసలు మళ్లీ మొలుస్తాయి, ఆ మనిషి లేచి ఇంటికి నడిచి వెళ్తుంది. వయల్స్ లెక్కలో పడి ఆ సంగతి మరిచిపోతున్నాం.

ఇంకోటి. శాచురేషన్ 98 అని రాశారు. ఆ అంకెను నమ్ముకోవద్దు. ముక్కుకి ఆక్సిజన్ పెట్టాక ఊపిరి సగానికి తగ్గినా అంకె 97, 98 దగ్గరే నిలబడుతుంది. పడేటప్పుడు ఒక్కసారే పడుతుంది. దానికంటే ఒక్క ఊపిరిలో అంకెలు చెప్పించండి, ఊపిరి లెక్క అంటే అదే. నిండా గాలి పీల్చుకుని, మళ్లీ పీల్చకుండా ఒకటి, రెండు, మూడు అని మామూలు మాట వేగంతో. బాగున్న మనిషి తేలిగ్గా ముప్పై దాటుతుంది. ఇరవైకి దిగితే గుండె దడ మొదలవ్వాల్సింది మనకి. పదిహేను లోపైతే గొంతులోకి ఊపిరి గొట్టం (ట్యూబ్) వేయగలవాళ్లు పక్కన ఉండి తీరాలి. దిండు మీంచి తల ఎత్తి ఐదు సెకన్లు నిలపమనండి. ఈ రెండూ పావుగంటకోసారి చేసి, టైముతో సహా చీటీ మీద రాయండి. ఆ చీటీ నాకు స్కానింగ్ కంటే విలువైనది.

చెరువుగట్టు_జీపీ · రాత్రి 9.50

ఇద్దరూ కట్లపామని ఖాయం చేసేసి మాట్లాడుతున్నారు. నాకు అక్కడే అభ్యంతరం. పాము లేదు, కాటు లేదు, రక్తం గడ్డకట్టింది. ఇది పురుగుమందు చల్లే ఇలాకా. వాంతులు, కడుపునొప్పి, నీరసం అంటే మొదట మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందు గుర్తురావాలి. పైగా ఏఎస్‌వీ గుర్రపు సీరం. అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీ) వస్తే చూసుకునేది ఆ ఒక్క సిస్టరే. కడుపునొప్పితో వచ్చిన ప్రతి కూలీ మనిషికీ పది వయల్స్ ఎక్కిస్తే నిజంగా రక్తపింజర కరిచి వచ్చినవాడికి ఏం మిగులుతుంది?

పాత_మెడిసిన్ · రాత్రి 10.22

చెరువుగట్టుగారి సందేహం తీసిపారేసేది కాదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు పురుగుమందు సంగతి. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గనోఫాస్ఫరస్ మందు తాగినా, చల్లేటప్పుడు ఒంటికి పట్టినా కంటిపాప సూదిమొనలా ముడుచుకుంటుంది. చెమట ధారగా కారుతుంది, ఛాతీలో గురగుర, నాడి కొందరిలో నెమ్మదిస్తుంది, తొడల మీద కండరాలు పురుగులు పాకినట్టు అదురుతాయి. పై కేసులో నాడి 112, బీపీ ఎక్కువ, చెమట మాటే లేదు. కంటిపాప ఎంత ఉందో లంక_డ్యూటీగారు రాయలేదు. అది రాయకపోవడం లోపమేనండి. టార్చి వేసి చూడాల్సిన మొదటి సంగతి అదే. కట్లపాములో పాప మామూలుగానో పెద్దదిగానో ఉంటుంది, వెలుతురుకి మందంగా కదులుతుంది. నోట్లో ఉమ్ము రెండింటిలోనూ కనబడుతుంది, తేడా కనిపెట్టాలి. పురుగుమందులో ఉమ్ము ఊరి పొంగుతుంది, నురగ కడుతుంది. పాములో ఊరేది మామూలే, మింగలేక నిలబడిపోతుంది. నీళ్లు ఒక చెంచా ఇస్తే తెలిసిపోతుందనుకుంటారు కొందరు. ఆ పని చేయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాట వింటే చాలు, గొంతులో నీళ్లు పెట్టుకుని మాట్లాడినట్టుంటుంది.

తర్వాత దిశ. కట్లపాము పైనుంచి కిందికి దిగుతుంది. రెప్పలు, కంటి కదలిక, రెండుగా కనబడటం, దవడ, నాలుక, మింగుడు, మెడ, ఆ తర్వాత ఊపిరి, చేతులు, కాళ్లు. గులియన్ బారీ (నరాలు దెబ్బతిని వచ్చే పక్షవాతం) చాలావరకు కాళ్లలో మొదలై పైకి ఎక్కుతుంది, గంటల్లో కాక రోజుల్లో. పొటాషియం పడిపోయి వచ్చే పక్షవాతంలో తెల్లారేసరికి చేతులు కాళ్లు కదలవు గానీ రెప్పలు సాధారణంగా బాగానే ఉంటాయి. అయితే కట్లపాము కేసులోనూ పొటాషియం తగ్గొచ్చు. కాబట్టి ఈసీజీ తీసి, పొటాషియం తగ్గినప్పుడు వచ్చే యూ తరంగం కనబడిందని ఇది పొటాషియం జబ్బే అని ముగించెయ్యకూడదు. మయస్తీనియా (కండరాలు త్వరగా అలిసిపోయే జబ్బు) అయితే వారాల తరబడి సాయంత్రానికి రెప్పలు వాలిన చరిత్ర ఇంట్లోవాళ్లు చెప్తారు. రాత్రి భోంచేసి బాగా పడుకున్న మనిషి తెల్లారేసరికి ఇలా కావడం వేరు.

కాటు కనబడకపోవడం కట్లపాముకి లక్షణమే. కోరలు చిన్నవి, విషం కండను కుళ్లబెట్టదు. వాపూ ఉండదు, నొప్పీ ఉండదు. దోమ కుట్టిందనుకుని మళ్లీ పడుకుంటారు. రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లకి, తెల్లవారుజామున కడుపునొప్పి, ఆపైన రెప్పలు: ఈ వరస కుదిరితే పాముని చూడనక్కర్లేదు. రక్తం గడ్డకట్టింది కాబట్టి పాము కాదనడం పెద్ద పొరపాటు. ఆ పరీక్ష రక్తపింజర కోసం. కట్లపాముకి, తాచుకి రక్తం చక్కగా గడ్డకడుతుంది. గడ్డకట్టడం ఇక్కడ రక్తపింజర కాదని మాత్రమే చెప్తోంది.

ఇంకో ఉచ్చు ఉంది. ఒకే ఇంట్లో ఇద్దరికి వాంతులు, కడుపునొప్పి అనగానే విషాహారం అని రాసేస్తారు. ఒకే చాప మీద పడుకున్న తల్లీబిడ్డల్ని ఒకే పాము కరవగలదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో వచ్చినప్పుడు వాళ్లు వేరువేరు వీధుల్లోంచి, వేరువేరు ఇళ్లలోంచి వచ్చారు. అలాంటప్పుడు నీళ్లు, గాలి, తిండి వెతకడం న్యాయం. ఒకే చాప మీంచి ఇద్దరొస్తే ముందు రెప్పలు చూడండి.

ఇక వయల్స్. మత్తు మేడమ్ చెప్పినదాన్లో నూటికి తొంభై పాళ్లు నిజం. కట్లపాము విషంలోని బంగారోటాక్సిన్ నరం కొసలోకి చేరి దాన్ని లోపల్నుంచే పాడుచేస్తుంది. చేరిపోయిన విషాన్ని ఏ సీరమూ బయటికి లాగలేదు. శ్రీలంకలో 2016లో వచ్చిన పరిశీలనలో మన దేశపు సీరం ఇచ్చాక రక్తంలో స్వేచ్ఛగా తిరిగే విషం పోయింది, పక్షవాతం మాత్రం వెనక్కి తగ్గలేదు. అలాగని వయల్స్ వద్దనడానికి అది కారణం కాదు. రక్తంలో ఇంకా తిరుగుతున్న విషం, కాటు చోటునుంచి ఇంకా ఊరుతున్న విషం ఉంటాయి కదా. వాటిని ఎంత త్వరగా పట్టుకుంటే అంత మేలు. పది వయల్స్ మొదటి మోతాదు. గంట తర్వాత కూడా కిందికి దిగుతూనే ఉంటే ఇంకో పది. నరాల మీద పనిచేసే పాముకి ఇరవై దాటించి ప్రయోజనం లేదు. పిల్లలకైనా వయల్స్ అన్నే, ఎందుకంటే పాము పిల్లల్ని చూసి విషం తగ్గించదు. సెలైన్ మాత్రం బరువును బట్టి తగ్గించాలి.

చెరువుగట్టుగారి చివరి మాటకి జవాబు: ఒట్టి కడుపునొప్పికి వయల్స్ ఇవ్వొద్దు. నేల మీద పడుకుని రాత్రి కడుపునొప్పితో లేచినవాళ్లని ఇంటికి పంపొద్దు, అంతే. కూర్చోబెట్టి గంటగంటకీ రెప్పలు, మెడ, ఊపిరి లెక్క చూడాలి. రెప్ప వాలిన క్షణం నుంచి వయల్.

నైట్_సిస్టర్ · రాత్రి 10.40

కరిగించడం గురించి మేడమ్ ఇరవై నిమిషాలన్నారు. పద్ధతిగా చేస్తే అంత పట్టదు, తొందరపడితేనే అంతకన్నా ఎక్కువ పడుతుంది. అందరూ చేసే తప్పు ఏమిటంటే వయల్‌లోకి పది ఎంఎల్ డిస్టిల్డ్ వాటర్ జోరుగా కొట్టి, సిరప్ సీసా ఊపినట్టు ఊపుతారు. తెల్లటి నురగ వయల్ మెడదాకా లేస్తుంది. ఆ నురగ సిరంజిలోకి రాదు, దిగేదాకా కాచుక్కూర్చోవాలి, మందు సగం లోపలే ఉండిపోతుంది. నీళ్లు వయల్ గోడ వెంబడి జారేలా నెమ్మదిగా వదలాలి. అరచేతుల మధ్య పెట్టి గుండ్రంగా దొర్లించాలి. పొడి గడ్డ అంచుల్నుంచి కరుగుతూ వస్తుంది, చివర్లో మధ్యలో సగ్గుబియ్యం గింజంత మిగిలి అదీ కరుగుతుంది. తేటగా ఉండాలి, పోగులు కనబడితే ఆ వయల్ వాడకూడదు.

పదీ ఒకేసారి వరసగా పెట్టి, అన్నిట్లో నీళ్లు వదిలేసి, మొదటిదాని దగ్గరికి తిరిగొచ్చి దొర్లించడం మొదలుపెడితే ఒకటి కరిగేలోగా మిగతావి నానుతుంటాయి. చదువుకున్న బంధువు ఒకరు ఉంటే చేతులు కడిగించి దొర్లించే పని వాళ్లకి ఇవ్వొచ్చు, నీళ్లు వదలడం, సిరంజిలోకి లాగడం మాత్రం మనమే. నాలుగు కరగగానే సెలైన్‌లో కలిపి మొదలుపెట్టెయ్యొచ్చు, పదీ పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు.

వయల్ తెరవక ముందే అడ్రినలిన్ సిరంజిలోకి తీసి, పేరు రాసి, ట్రేలో పెట్టాలి. పెద్దవాళ్లకి అర ఎంఎల్, తొడ బయటివైపు కండలోకి. దద్దుర్లు, దగ్గు, గొంతు బిగుసుకోవడం, వాంతి, బీపీ పడటం, వీటిలో ఏది కనబడ్డా డ్రిప్ ఆపి అది ఇవ్వాలి. తగ్గకపోతే ఐదు నిమిషాలకి మళ్లీ. ముందు ఏవిల్, హైడ్రోకార్టిజోన్ లాంటి ఎలర్జీ మందులు ఇచ్చి చూద్దాం అనుకుంటూ అడ్రినలిన్ ఆలస్యం చేయడమే ప్రమాదం. తగ్గాక డ్రిప్ నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలి, రియాక్షన్ వచ్చిందని ఏఎస్‌వీ మానెయ్యకూడదు. చర్మం మీద టెస్ట్ డోస్ చేయమని కొందరు సార్లు ఇంకా అడుగుతుంటారు. దానివల్ల ఏమీ తెలియదు, టైం పోతుంది, అదే ఒక రియాక్షన్ తేవచ్చు.

గాజు గొట్టం మాట కూడా. సర్ఫ్‌తో కడిగిన గొట్టం, ప్లాస్టిక్ గొట్టం పనికిరావు, వాటిలో మంచి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. కొత్తది, పొడిది, గాజుది. రెండు ఎంఎల్ పోసి, కదపకుండా పెట్టి, ఇరవై నిమిషాలకి ఒక్కసారే వంచి చూడాలి. మధ్య మధ్యలో వంచి చూస్తే లెక్క తప్పుతుంది.

లంక_డ్యూటీ · రాత్రి 10.52

కంటిపాప రాయకపోవడం నా తప్పే సార్, ఒప్పుకుంటున్నాను. ప్రశ్నలో చేర్చుకోండి: పాప నాలుగు మిల్లీమీటర్లు, వెలుతురుకి మందంగా కదులుతోంది.

సిస్టర్ చెప్పిన లెక్కన చూస్తే నాలుగు వయల్స్ పది నిమిషాల్లో ఎక్కడం మొదలవుతాయి. ముందే అడ్రినలిన్ పావు మిల్లీగ్రాము చర్మం కింద ఇవ్వడం గురించి ఏమంటారు? బీపీ 150/100 కదా.

పాత_మెడిసిన్ · రాత్రి 11.04

ఆ పావు మిల్లీగ్రాముకి శ్రీలంక అధ్యయనం దన్ను ఉంది, తీవ్రమైన రియాక్షన్లు తగ్గాయి. ఈ వయసులో, గుండెజబ్బు లేకపోతే ఇవ్వొచ్చు. కట్లపాములో బీపీ పెరగడం విషం పనే. వయసు మళ్లినవాళ్లకి, గుండెజబ్బు ఉన్నవాళ్లకి వద్దు. వాళ్లకి సిరంజి సిద్ధంగా పెట్టుకోవడం చాలు.

పంటు_108 · రాత్రి 11.15

డాక్టర్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో రాస్తున్నానండి. బండిలో ఏం జరుగుతుందో ఇక్కడ ఎవరూ చెప్పలేదు.

ఈ పేషెంట్‌ని వెల్లకిలా పడుకోబెట్టి పంపుతారండి చాలామంది. గొంతులో ఉమ్ము నిలబడి అటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎడమపక్కకి తిప్పి, మొహం కిందికి వంచి పడుకోబెట్టాలి, సక్షన్ గొట్టం చేతికందేలా ఉండాలి. రెప్పలు మూసుకుపోయి ఉంటాయి కాబట్టి నిద్రపోతోందనుకుంటారు. ఇంట్లోవాళ్లూ అలాగే అంటారు, "పడుకుందండీ, లేపకండి" అని. వేలితో రెప్ప పైకెత్తి పేరుపెట్టి పిలిస్తే కళ్లు అటూ ఇటూ తిప్పడానికి చూస్తుంది. మగత కాదది.

ఆంబు బ్యాగ్ కొట్టడం మొదలైతే ఒక్కడి వల్ల కాదు. మాస్క్ రెండు చేతులతో బిగబట్టి దవడ ఎత్తేవాళ్లొకరు, బ్యాగ్ నొక్కేవాళ్లొకరు. ఐదారు సెకన్లకి ఒకసారి, ఛాతీ పైకి లేచేంత. కంగారులో నిమిషానికి ముప్పై కొట్టేస్తారు, గాలి కడుపులోకి పోయి వాంతి అవుతుంది. పీహెచ్‌సీ నుంచి సిస్టరో ఇంకొకరో బండిలో రావాల్సిందేనండి. ఒక్క టెక్నీషియన్‌ని నమ్మి పంపితే గంటన్నర ఒంటిచేత్తో సాగదు.

ఆక్సిజన్ కూడా లెక్కపెట్టుకోవాలి. బి టైప్ సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్లు. నిమిషానికి పది చొప్పున రెండున్నర గంటలు, పదిహేను చొప్పున గంటా నలభై నిమిషాలు. సగం సిలిండర్‌తో బయలుదేరితే దారి మధ్యలోనే అయిపోతుంది. మీటర్ ముల్లు చూసి బయలుదేరాలి.

ఇంకోటండి. అందరూ కాకినాడ, కాకినాడ అంటున్నారు. సఖినేటిపల్లి వైపు వాళ్లకి పంటు (గోదావరి దాటించే బల్లకట్టు) దాటితే నరసాపురం ఏరియా ఆసుపత్రి. ముమ్మిడివరం, పి.గన్నవరం వైపు వాళ్లకి ముందు అమలాపురం. ట్యూబ్ వేసి వెంటిలేటర్ మిషన్ పెట్టగలవాళ్లు ఆ రాత్రి దగ్గర్లో ఎక్కడుంటే అక్కడికి వెళ్లాలి గానీ పెద్ద పేరు చూసి కాదు. మిషన్ ఖాళీ ఉందో లేదో బయలుదేరే ముందే ఫోన్ చేసి అడగాలి. 2022 జులై వరదలాంటి రోజుల్లో కాజ్‌వేలు మునిగితే దారి మొత్తం మారిపోతుంది.

చెరువుగట్టు_జీపీ · రాత్రి 11.28

పాత మెడిసిన్ సార్ వివరణతో నా సందేహం చాలావరకు తీరింది. పాప నాలుగు మిల్లీమీటర్లంటే పురుగుమందు మాట వెనక్కి తీసుకుంటాను. అయితే పీహెచ్‌సీలో నియోస్టిగ్మిన్ (నరం నుంచి కండకి వెళ్లే సంకేతాన్ని బలపరిచే మందు) ఉంటుంది కదా. ఏఎస్‌వీ కరిగేలోపు అది ఇచ్చి చూడొచ్చు. తాచుపాము అయితే రెప్పలు లేస్తాయి.

పాత_మెడిసిన్ · రాత్రి 11.41

తాచు అయితే లేస్తాయి. తాచు విషం నరం దాటాక కండ మీది గ్రాహకాన్ని అడ్డుకుంటుంది, నియోస్టిగ్మిన్ దాన్ని కొంత గెలుస్తుంది. కట్లపాములో నరం కొసే దెబ్బతింది కాబట్టి కండకి సంకేతం మోసుకెళ్లే రసాయనం, ఎసిటైల్ కోలిన్‌కే కరువు. అందుకే చాలావరకు పనిచేయదు. పైగా తాచు కాటు నొప్పీ వాపూ తెస్తుంది, ఈ కేసులో అవేమీ లేవు.

ఒక్కసారి చూడాలనుకుంటే తప్పులేదు. అట్రోపిన్ 0.6 మిల్లీగ్రాములు నరంలోకి ముందు, ఆ తర్వాత నియోస్టిగ్మిన్ 1.5 మిల్లీగ్రాములు కండలోకి. ఇచ్చే ముందు స్కేలుతో రెండు రెప్పల మధ్య ఖాళీ మిల్లీమీటర్లలో కొలిచి రాయండి, పది నిమిషాలకోసారి గంటదాకా మళ్లీ కొలవండి. "కాస్త మేలు" అని రాస్తే అవతలివాళ్లకి ఏమీ తెలియదు. మార్పు లేకపోతే రెండోసారి ఇవ్వొద్దు. అట్రోపిన్ లేకుండా ఎప్పుడూ ఇవ్వొద్దు. పాప ముడుచుకుని, చెమట కారుతున్న మనిషికి అసలే ఇవ్వకూడదు. పురుగుమందు చేసిన పనే నియోస్టిగ్మిన్ కూడా చేస్తుంది, నిప్పుకి గాలి తోడైనట్టు. ముఖ్యంగా ఈ పరీక్ష కోసం బండి ఆపకూడదు.

స్టోర్స్_బాబాయ్ · రాత్రి 11.55

వయల్స్ ఇచ్చేవాళ్ల వైపునుంచి ఒక మాట. మన దగ్గర దొరికేది నాలుగు పాములకీ కలిపి చేసిన సీరం: తాచు, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర. పది ఎంఎల్ వయల్ ఒక్కటి కట్లపాము విషం 4.5 మిల్లీగ్రాముల్ని, తాచు, రక్తపింజర విషాన్ని 6 మిల్లీగ్రాముల చొప్పున అడ్డుకోవాలని ప్రమాణం. ఈ సీరం తయారీకి విషం ఎక్కువగా తమిళనాడు ఇరుళుల సహకార సంఘం నుంచే వస్తోంది. ఒకే జాతి పాము విషం చోటును బట్టి మారుతుంది కాబట్టి గోదావరి గట్టు పాముకి ఆ లెక్క అచ్చంగా సరిపోతుందని అనుకోకూడదు. ఊపిరి లెక్క చూడమని మేడమ్ అంటున్నదానికి ఇది కూడా ఒక కారణం.

పది వయల్స్ అంటే మొదటి మోతాదుకి సరి, రెండోదానికి సున్నా. సార్వా నూర్పిళ్లకి ముందు, మళ్లీ తొలకరికి ముందు ఇరవై ఉండేలా ఇండెంట్ పెట్టాలి. ఎక్స్‌పైరీ దగ్గరైనవి పక్క పీహెచ్‌సీతో మార్చుకోవాలి. పొడి వయల్ బయట ఉంచొచ్చు గానీ కిటికీ పక్క ఎండలో కాదు. ద్రవంగా వచ్చేది 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి, ఫ్రీజర్ అరలో పెడితే పాడవుతుంది. వాడిన బ్యాచ్ నంబరు కేస్ షీట్ మీద రాయండి. రియాక్షన్లు వరసగా వస్తే ఏ బ్యాచ్‌దో అప్పుడే తెలుస్తుంది.

కాకినాడ_మత్తు · రాత్రి 12.10

వార్డులో కొత్తగా చేరిన జూనియర్ డాక్టర్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఇంకొక సంగతి. ఈ పేషెంట్ ట్యూబ్ మీద చేరాక మర్నాటికి కంటిపాపలు పెద్దవై, వెలుతురుకి కదలకుండా అయిపోవచ్చు. చెయ్యి ఎత్తి వదిలితే పడిపోతుంది. మోకాలి రిఫ్లెక్స్ రాదు. చూసినవాళ్లు మెదడు పోయిందనుకుంటారు. కట్లపాములో అది పక్షవాతం లోతు మాత్రమే. ఆ మనిషికి అన్నీ వినబడుతుంటాయి. మంచం పక్కన నిలబడి "ఇక లాభం లేదు" అని బంధువులతో అనకండి. నిద్రమందు కాస్త ఇవ్వండి, నొప్పి మందు ఇవ్వండి, కళ్లు ఆరకుండా మందు వేసి మూసి టేపు వేయండి, ఏం చేస్తున్నారో చేసే ముందు చెవి దగ్గర చెప్పండి. కాలి బొటనవేలో కనుబొమ్మో కదిలించగలిగితే అవునుకి ఒకసారి, కాదుకి రెండుసార్లు అని ఒప్పందం పెట్టుకోండి.

లంక_డ్యూటీ · రాత్రి 12.34

నా మొదటి వాదన మార్చుకుంటున్నాను. "ఎక్కించి, ఆ తర్వాత పంపాలి" అన్నది తప్పు. రెప్ప వాలిందని తెలిసిన నిమిషంలోనే 108కి ఫోన్, రెండో ఫోన్ మిషన్ ఎక్కడ ఖాళీ ఉందో అడగడానికి. బండి వచ్చేలోగా లైన్, గాజు గొట్టం, అడ్రినలిన్ సిరంజి, నాలుగు వయల్స్ కరిగించి డ్రిప్. బండి మా దగ్గరికి రావడానికి ఎలాగూ ఇరవై, ముప్పై నిమిషాలు. రియాక్షన్ వస్తే ఎక్కువగా మొదటి గంటలోనే వస్తుంది, అందులో మొదటి ముక్క నా కళ్ల ముందే గడుస్తుంది. బండి వచ్చాక డ్రిప్ పూర్తయ్యేదాకా ఆగం. మిగతా వయల్స్ కరిగించి సిస్టర్‌తో పంపుతాం.

అయితే ఒకటి వదులుకోను. బండి వచ్చిందని వయల్ మొదలుపెట్టకుండా పంపడం మాత్రం చేయను.

కాకినాడ_మత్తు · రాత్రి 12.41

మీరు అక్కడ నిలబడితే నేను ఇక్కడ నిలబడతాను. ఊపిరి లెక్క పదిహేను లోపు ఉన్న మనిషి అయితే బండి వచ్చిన వెంటనే, డ్రిప్ ఉన్నా లేకపోయినా బయలుదేరాలి. ఆ మనిషికి మీ వయల్ గంట తర్వాత మా దగ్గర కూడా ఎక్కుతుంది. ఊపిరి ఆగితే మాత్రం గంట ఉండదు, ఉండేది నాలుగైదు నిమిషాలు. మీ దగ్గర ఐజెల్ (నోట్లోంచి గొంతులోకి తోసే ఊపిరి గొట్టం) ఉందా? యాభై కిలోలు దాటితే నాలుగో సైజు, అంతకు తక్కువైతే మూడో సైజు. గొంతులో ఓకరింత పూర్తిగా పోయిన మనిషికి, మాస్క్‌తో గాలి సరిగా పోనప్పుడు దారిలో అదే ఆధారం. ఓకరింత ఉండగా తోస్తే వాంతి చేసుకుంటుంది.

లంక_డ్యూటీ · రాత్రి 12.48

పదిహేను లోపైతే మీ మాటే. ఐజెల్ మూడో సైజు ఒకటే ఉంది మేడమ్, నాలుగోది రేపే ఇండెంట్ పెడతాను.

స్టోర్స్_బాబాయ్ · రాత్రి 12.52

రెండేసి పెట్టండి బాబూ. ఒకటి బండితో వెళ్తే తిరిగి రావడానికి వారం పడుతుంది.

నైట్_సిస్టర్ · రాత్రి 12.57

ఊపిరి లెక్క, మెడ ఎత్తిన సెకన్లు, రెప్పల మధ్య మిల్లీమీటర్లు, కంటిపాప, బ్యాచ్ నంబరు. ఈ ఐదు గళ్లతో చీటీ గీస్తున్నాను, పావుగంటకో వరస. పొద్దున ఫొటో పెడతాను, తప్పులుంటే చెప్పండి.

పంటు_108 · రాత్రి 1.03

ఆయ్, చీటీ మీద బయలుదేరిన టైము, సిలిండర్ ముల్లు ఎంత ఉందో కూడా ఒక గడి గీయండి సిస్టర్‌గారూ.